పూజలో పెట్టిన క్రాస్‌బో

బెంటన్‌విల్, ఆర్కన్సా
20 జులై 2003

పూజ్యులైన బావగారికి,

రఘు నమస్కారాలు. మీకు ఫోన్‌లో మాట వినపడదు కాబట్టి ఈ ఉత్తరం. ఈమెయిల్ ఇద్దామంటే, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే మీరు చదవకుండా పక్కన పడేస్తారని అక్క ఇదివరకే చెప్పింది. పగటిపూట పోస్టు డబ్బా మీరే తెరుస్తారనీ, అక్క అప్పటికి హాస్పిటల్ ల్యాబ్‌లో ఉంటుందనీ తెలిసే రాస్తున్నాను. ఈ సంగతి అక్కకి తెలియకూడదు.

నేను జింకల వేటకి వెళ్దామనుకుంటున్నాను. నవ్వకండి. చుట్టాలందరూ మిమ్మల్ని ట్రాయ్ కిరాతుడని ఆటపట్టిస్తుంటే నేనూ వాళ్ళతో కలిసి నవ్వినవాణ్ణే. ఇప్పుడు మీ సలహా కావలసి వచ్చింది. తుపాకీ నాకు వద్దు. వీసా మీద ఉన్నవాడు తుపాకీ కొనాలంటే కాగితాల తలనొప్పి. పైగా రెండేళ్ళ కిందటి సెప్టెంబర్ తర్వాత మన రంగు మనిషి తుపాకీ పెట్టెతో పార్కింగ్ లాట్‌లో నిలబడితే ఎవరు ఏమనుకుంటారో ఎవరికి తెలుసు? మామూలు విల్లు లాగడానికి నా కుడి భుజం సహకరించదు. అందుకని తుపాకీలా ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే ఆ క్రాస్‌బో కొనాలనుకుంటున్నాను. వేట క్లాసు ఒకటి చర్చి హాల్లో పెడితే వెళ్ళి పాసయ్యాను. మా టీమ్‌లో డేల్ అని ఒకతనికి ఊరి బయట అడవి నేల ఉంది. అక్టోబర్‌లో రమ్మన్నాడు.

ఎందుకింత హఠాత్తుగా అని మీరు అడుగుతారు. కిందటి నవంబర్ సంగతి మీకు తెలిసిందే. శ్రీవిద్య డాక్టర్ దగ్గర నుంచి ఒక్కతే డ్రైవ్ చేసుకుని వస్తుంటే జింక రోడ్డు మీదకి దూకింది, కారు గుంటలో పడింది, కడుపులో ఉన్న మా ఐదో నెల బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి ఆమె కారు తాళాలు ముట్టుకోలేదు. ఈ ఊళ్ళో కారు లేనివాళ్ళకి ఇల్లే జైలు. పొద్దున్న నేను ఆఫీస్‌కి వెళ్ళే దారిలో జింకలు గుంపుగా గడ్డి మేస్తూ తల ఎత్తి నా కారు వైపు చూస్తాయి. చూసినప్పుడల్లా ఒళ్ళు మండిపోతుంది. ఒక్కదాన్నయినా కొట్టాలి బావగారూ.

ఏ రకం కొనాలో, తాడు లాగడానికి ఎన్ని పౌండ్ల బలం పట్టేది కొనాలో రాయండి. కేటలాగులు నాలుగు తెప్పించాను, చూస్తే తల తిరుగుతోంది.

మీ బావమరిది,
రఘు

ట్రాయ్, మిషిగన్
31 జులై 2003

చిరంజీవి రఘుకి,

పరంధామయ్య ఆశీస్సులు. మీ అక్క దగ్గర రహస్యం దాచమన్నావు. ఇన్నేళ్ళ కాపురంలో నేను దాచగలిగింది నా చెవుడు ఒక్కటే, అదీ డాక్టర్ బయటపెట్టేదాకానే. అయినా ప్రయత్నిస్తాను.

ముందు ఆ కేటలాగులు చెత్తబుట్టలో వెయ్యి. క్రాస్‌బో కొనడం చెప్పులు కొనడం లాంటిది, కాలు పెట్టి చూడకుండా కొనకూడదు. షాపుకి వెళ్ళు. కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తు. కళ్ళు తెరిచేసరికి గురి చూసే స్కోప్ లోంచి ఎదుటి గోడ కనపడాలి. మెడ వంచి వెతుక్కోవలసి వస్తే అది నీది కాదు, ఎంత ఖరీదుదైనా సరే. చేతులు చాచి కాసేపు అలాగే పట్టుకో. షాపులో తేలిగ్గా ఉన్నది చెట్టు కింద గంట కూర్చున్నాక బండరాయి అవుతుంది. అమ్మేవాడు రెండు వందల పౌండ్లది చూపించి ఊరిస్తాడు. నూటయాభై చాలు, జింకకి అంతకంటే అక్కర్లేదు. చక్రాలున్న రకం పొట్టిగా ముద్దుగా ఉంటుంది గానీ తాడు తెగితే షాపు గుమ్మం ఎక్కాలి. మొదటిసారి కాబట్టి చక్రాలు లేని సాదా రకం తీసుకో, దాని అల్లెతాడు ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఎక్కుపెట్టడానికి కొక్కేల తాడు ఒకటి అమ్ముతారు, అది తప్పకుండా కొను. సగం బరువు అదే లాగుతుంది. నా భుజానికి ఆపరేషన్ అయ్యాక సర్టిఫికెట్ పెట్టి ఇక్కడ క్రాస్‌బో పర్మిట్ తెచ్చుకున్నాను, అప్పటినుంచి ఆ తాడే నా మూడో చెయ్యి.

రెండు మాటలు గోడ మీద రాసి పెట్టుకో. బాణం లేకుండా ట్రిగ్గర్ నొక్కకూడదు, నొక్కితే విల్లు ముక్కలై నీ మొహానికే వస్తుంది. బొటనవేలు ఎప్పుడూ బాణం కూర్చునే గాడికి కిందే ఉండాలి. మా క్లబ్బులో ఒకాయన ఒక్కసారి మరిచిపోయాడు, ఇప్పుడు చొక్కా గుండీలు భార్య పెడుతోంది.

ఇక అసలు సంగతి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోకు. ఇప్పుడు గడ్డి మేసే జింక ఆ రోజు దూకిన జింక కాదు. కోపంగా ఉన్న రోజున నేను విల్లు గోడ మీద నుంచి దింపను, అందుకే ఇన్నేళ్ళు వేటాడినా పది వేళ్ళూ ఉన్నాయి. నీ ఉత్తరమంతా వెతికాను, శ్రీవిద్య ఏమందో ఒక్క ముక్క లేదు. ముందు ఆమెని అడుగు. షాపు ఎక్కడికీ పారిపోదు.

ఆశీర్వదిస్తూ,
బావ

బెంటన్‌విల్
25 ఆగస్టు 2003

బావగారికి,

నమస్కారాలు. కొన్నాను. మీరు చెప్పినట్టే షాపులో కళ్ళు మూసుకుని ఎత్తితే చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను వింతగా చూశారు. మొదటి రెండూ మెడకి కుదరలేదు. మూడోదాన్ని ఎత్తి కళ్ళు తెరిచేసరికి ఎదుటి గోడకి తగిలించిన జింక కొమ్ముల తల స్కోప్ మధ్యలో ఉంది. నూటయాభై పౌండ్లది, సాదా రకం. కొక్కేల తాడు కూడా తీసుకున్నాను. శనివారాలు డేల్ పొలంలో గడ్డిమోపు మీద కొడుతున్నాను. మొన్న ఇరవై గజాల నుంచి వేసిన బాణాలన్నీ అరచెయ్యి వెడల్పులో పడ్డాయి. డేల్ ఈల వేశాడు.

శ్రీవిద్య సంగతి అడిగారు. షాపుకి నాతో వచ్చింది, కారులోనే కూర్చుంది. ఇంటికొచ్చాక డైనింగ్ టేబుల్ మీద పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, బరువా అని అడిగింది. అంతకంటే ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. ఆమెకీ లోపల ఆ జింక మీద కోపం ఉంటుంది, పైకి అనదు.

మీరు రాసిన ఎలుక సామెత నాకు నచ్చలేదు, క్షమించాలి. మేము ఆ రోజు గురించి మాట్లాడుకోం. ఎత్తితే ఆమె ఏడుస్తుందని నేను ఎత్తను. నేను ఎత్తకపోతే ఆమె ఎత్తదు. ఇంట్లో టీవీ మాట్లాడుతుంది, మేమిద్దరం వింటాం. ఇలా ఏడాది గడిచేలోగా నేను ఏదో ఒకటి చెయ్యాలి కదా. నా చేతనైంది ఇది.

మీ
రఘు

ట్రాయ్
9 సెప్టెంబర్ 2003

చి. రఘుకి,

ఆశీస్సులు. నీ గురి బాగుంది, నీ లెక్క బాగాలేదు. భార్య 'బరువా' అని అడిగితే అది అర్ధాంగీకారం ఎలా అయింది? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను శ్రీవిద్య పక్షాన మాట్లాడుతున్నాననుకోకు, కళ్ళతో చూసింది చెప్తున్నాను. మీ అక్క ఆదివారం మీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు నేను ఎదురుగా కూర్చుని ఆవిడ పెదవులు చదువుతాను. చెవిటివాడికి అదే రేడియో. ఇదివరకు శ్రీవిద్యతో మాట్లాడుతుంటే మీ అక్క ఊఁ కొడుతూ నవ్వుతూ ఉండేది. ఇప్పుడు మీ అక్క పెదవులే కదులుతున్నాయి. మధ్యమధ్య ఆగి ఎదురుచూస్తుంది, ఏమీ రాదు కాబోలు, మళ్ళీ తనే మొదలుపెడుతుంది. పెట్టేశాక కాసేపు ఫోన్ వైపే చూస్తుంది.

జింక మీద కోపం ఆమెకి ఉందని నీకెవరు చెప్పారు? నువ్వే అనుకుని నువ్వే నమ్ముతున్నావు. వేటకి పోయేలోగా ఒక్కరోజు టీవీ కట్టేసి ఆమెని అడుగు. ఏడిస్తే ఏడవనీ. ఏడుపుకి భయపడి అడవిలోకి పారిపోయే మగాణ్ణి నిన్నే చూస్తున్నాను. నువ్వు అడగకపోతే నేనే మీ అక్కకి చెప్పేస్తాను, ఆవిడ విమానమెక్కి వచ్చి అడుగుతుంది.

ఎక్కుపెట్టిన విల్లుని వేట దొరకని రోజున దింపడానికి ఒక పద్ధతి ఉంది. సీజన్ ముందు అది వివరంగా రాస్తాను. ఇప్పుడు రాస్తే నువ్వు అదొక్కటే చదివి మిగతాది వదిలేస్తావు.

బావ

బెంటన్‌విల్
5 అక్టోబర్ 2003, విజయదశమి

బావగారికి,

దసరా నమస్కారాలు. మీ ఉత్తరం చదివి కోపం వచ్చింది, అందుకే ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. అక్కకి చెప్తానని బెదిరించారు. చెప్పనందుకు కృతజ్ఞుణ్ణి. మీరు ఊరికే భయపడుతున్నారని చూపించడానికే ఈ ఫోటో పంపుతున్నాను.

శ్రీవిద్య చాలా మారింది. ఈ నవరాత్రుల్లో పొద్దున, సాయంత్రం స్నానం చేసి తనే దీపం పెడుతోంది. ఇదివరకు దీపం వెలిగించి లేచి వచ్చేసేది. ఇప్పుడు పీట మీద అలా కూర్చుండిపోతోంది, పిలిచినా వెంటనే లేవదు. మనసు కుదుటపడుతోందని నాకు అర్థమైంది. అడిగి ఏడిపించడం కంటే ఇది నయం కాదా?

నిన్న ఆయుధపూజ చేశాం. ఏటా మా ఇంట్లో ఆయుధాలంటే ల్యాప్‌టాప్, కారు తాళాలు. ఈసారి క్రాస్‌బో పెట్టాం. ఊళ్ళో ఎవరింట్లో పూజ అయినా పెద్దరికం వహించే లక్ష్మీపతి గారు వచ్చారు. చూసి మురిసిపోయారు. ఇన్నాళ్ళకి అమెరికాలో నిజమైన ఆయుధానికి పూజ చూస్తున్నానని, అయితే వదులుగా పడుకున్న విల్లుకి పూజేమిటని, ఎక్కుపెట్టి బాణం తొడిగి పెట్టమన్నారు. నాకూ సబబనిపించింది. ఎక్కుపెట్టాను. వేటకి దాచిన కొత్త బాణాల్లోంచి ఒకటి పెట్టి, ములికికి నిమ్మకాయ గుచ్చాను. ఇనుము ఉన్న ప్రతిచోటా గంధం పూసి కుంకుమ బొట్లు పెట్టాం. బంతిపూల దండ శ్రీవిద్యే గుచ్చి వేసింది. మొదట అమ్మవారికి ఎదురుగా పెడితే, తల్లి మీదకి బాణం గురిపెడతారా అని లక్ష్మీపతి గారు కోప్పడి ఇటు తిప్పించారు.

పూజలో పెట్టింది ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. నేను ఇంకో మాట మొక్కుకున్నాను. పద్దెనిమిదో తేదీ శనివారం డేల్‌తో మొదటి వేట. అమ్మవారి ముందు తొడిగిన ఈ బాణమే మొదటి జింకకి తగలాలి. అందాకా దీన్ని ఎవరూ ముట్టుకోరు, అలాగే ఎక్కుపెట్టి ఉంటుంది.

ఫోటోలో దీపం పెడుతున్నది శ్రీవిద్య. మొహం ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి.

మీ
రఘు

ట్రాయ్
9 అక్టోబర్ 2003

రఘూ,

ఈ ఉత్తరం అందేసరికి మీ అక్క ఫోన్ వచ్చి నాలుగు రోజులై ఉంటుంది. ఏం జరిగిందో నీకు తెలుసు, నాకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

మధ్యాహ్నం పోస్టు తీసి ఫోటో చూశాను. ముందు పూలు కనిపించాయి, తర్వాత పిల్ల మొహం, ఆ తర్వాత బాణం. అమ్మవారికి వీపు పెట్టి, దీపం పెట్టే మనిషికి గుండె ఎత్తున నిలబెట్టారు మీరు. తల్లి మీదకి గురిపెట్టకూడదని తిప్పిన పెద్దమనిషికి, తిప్పితే ఎవరి మీదకి వస్తుందో తట్టలేదా? నీకు తట్టలేదా?

నీ రకం క్రాస్‌బో నాకు తెలుసు. బాణం వెళ్ళకుండా ఆపే సేఫ్టీ మీట వేసి ఉంటే ట్రిగ్గర్ పైన ఏమీ ఉండదు. తీసి ఉంటే ఎర్ర చుక్క కనపడుతుంది. గంధం పూసేవాళ్ళ వేలు తగిలినా ఆ మీట జరుగుతుంది. నేను భూతద్దం తెచ్చి కిటికీ దగ్గర నిలబడి చూశాను. నీ విల్లు నిండా ఎర్ర చుక్కలే. ఏది కుంకుమో ఏది కాదో ఎంత చూసినా తెలియలేదు. దండ దారం ట్రిగ్గర్ మీదుగా కిందకి వేలాడుతోంది.

నేను ఫోన్ చేసి ఏం లాభం? చెయ్యగలను, వినలేను. ఫోటో తీసుకుని హాస్పిటల్‌కి కారు తోలాను. మీ అక్క ల్యాబ్ కోటుతోనే బయటికి వచ్చింది. నీ రహస్యం, నా రహస్యం అన్నీ అక్కడే బయటపెట్టాను. ఒక్కసారి నా వైపు చూసింది, ఆ చూపు నాకు చాలాకాలం గుర్తుంటుంది. తర్వాత ఫోన్ దగ్గరికి నడిచింది.

నేను ఎదురుగా నిలబడి పెదవులు చదివాను. "ఎక్కడున్నావమ్మా?" అంది. విని గోడకి చెయ్యి ఆనించింది. "లేవకు. వంగు. అలాగే పక్కకి జరుగు. దాన్ని ముట్టుకోకు, పూలు కూడా ముట్టుకోకు" అంది. అంటే పిల్ల అప్పుడు అక్కడే కూర్చుని ఉందన్నమాట, చేతిలో కార్డ్‌లెస్ ఫోన్‌తో. కాసేపటికి మీ అక్క ఊపిరి వదిలింది, బయటికి వచ్చేసింది కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత మీ అక్క ఏదో అడిగింది. అడిగేటప్పుడు అటు తిరిగింది, నాకు కనపడలేదు. జవాబు విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక చదవడానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత మీ ఆఫీస్‌కి ఫోన్ చేసి నీతో రెండు మాటలు మాట్లాడింది. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. కాగితం మీద రాసి అడిగితే కాగితం మడిచి పక్కన పెట్టింది. ఇప్పుడు లోపల పడుకుని ఉంది. ఏడ్చినట్టు కళ్ళు చెప్తున్నాయి.

ఎక్కుపెట్టిన విల్లు దింపాలంటే పాత బాణం ఒకటి తొడిగి, ఇంటి బయట, మెత్తటి మట్టిలోకి వదిలెయ్యాలి. ఇంతే ఆ పద్ధతి. ఒక్క వాక్యం. చేతులు కాలాక ఆకులు పంపుతున్నాను.

అందరూ క్షేమమని ఒక్క ముక్క రాయి.

బావ

బెంటన్‌విల్
16 అక్టోబర్ 2003

బావగారికి,

ఇద్దరం క్షేమం. ముందు అది రాస్తున్నాను.

ఆ రోజు అక్క ఫోన్‌లో అన్నది, ఇంటికి వెళ్ళు, పూజగదిలోకి పక్క నుంచి వెళ్ళు అని మాత్రమే. ఎలా డ్రైవ్ చేశానో గుర్తులేదు. ఇంటి ముందు గడ్డిలో శ్రీవిద్య చెప్పులు లేకుండా కూర్చుని ఉంది. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. ఏమయిందని అడిగాను. లోపలికి చూపించింది.

మా పూజగది అంటే బట్టల అల్మారా గది, మీకు తెలుసు. గోడకి ఆనుకుని పక్కగా వెళ్ళాను. ట్రిగ్గర్ పైన బొట్లు వరసగా ఉన్నాయి. బొటనవేలితో తుడిచాను. ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది. మూడోది తుడిస్తే పోలేదు.

మీట వెనక్కి జరుపుదామని చెయ్యి పెట్టాను. వాడిన దండ ఎండి బిగుసుకుపోయి ఉంది, నా మణికట్టుకి దారం తగిలింది. అంతే. చప్పుడు ఎంత గట్టిగా వచ్చిందంటే ఒక్క క్షణం నేనూ మీలాగే అయిపోయాను. బాణం పీట మీదుగా పోయి తలుపు దాటి హాలు గోడలో సగం దాకా దిగింది. నిమ్మకాయ చెక్కలై పీట మీద పడింది.

శ్రీవిద్య పరుగెత్తుకుని వచ్చింది. నేను నిలబడే ఉన్నానని చూసి గుమ్మం పట్టుకుంది. నేను క్షమించమని ఏదో గొణుగుతున్నాను, లక్ష్మీపతి గారు తిప్పమన్నారనీ, అమ్మవారి వైపు ఉండకూడదనీ. ఆమె నా మాట వింటున్నట్టు లేదు. గోడలో ఉన్న బాణం వైపు చూస్తూ అంది.

"నాకు తెలుసు. మీరు కావాలనే అటు పెట్టారనుకున్నాను. ఆ రోజు కారు నడిపింది నేనే కదా."

అక్క ఫోన్‌లో అడిగింది కూడా అదేనట, అది నీ వైపు ఉందని నీకు తెలుసా అని. తెలుసు వదినా, పెట్టిన రోజు నుంచీ తెలుసు అని చెప్పిందట. అక్క మీకు చెప్పలేకపోయింది అదే.

బావగారూ, ఎంత ప్రశాంతంగా ఉందో చూడండని నేను శ్రీవిద్య మొహం పంపాను మీకు. అది ప్రశాంతత కాదు. ప్రాణం పోతే పోనీ అనుకుని కూర్చుంది. నేను జింకని తిట్టినప్పుడల్లా తనని అంటున్నాననుకుంది. క్రాస్‌బో తెచ్చి టేబుల్ మీద పెట్టినప్పుడు బరువా అని అడిగింది కదా, దాన్ని నేను తన మీదకి ఎంతసేపు ఎత్తి పట్టుకోగలనో తెలుసుకోవడానికి అడిగిందట. మీరు అడగమన్నారు. ఒక్క ప్రశ్న. నేను అది తప్ప అన్నీ చేశాను, గురి కూడా నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం హాల్లో నేల మీద కూర్చుని ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. టీవీ పెట్టలేదు. ఆ రోజు జింక దూకే ముందు కారులో బిడ్డకి ఏం పేరు పెడదామా అని ఆలోచిస్తూ వస్తోందట. ఏ పేరో కూడా చెప్పింది. అది మీకు ఉత్తరంలో రాయను, వచ్చినప్పుడు తనే చెప్తుంది. క్రిస్మస్ సెలవులకి ట్రాయ్ రమ్మని అక్క పిలిచింది, వస్తాం.

శనివారం నేను రానని డేల్‌కి చెప్పాను. విల్లు తాడు విప్పి పెట్టెలో పెట్టాను. అమ్మాలో, మీకు ఇవ్వాలో ఇంకా అనుకోలేదు. పొద్దున జింకలు అక్కడే మేస్తున్నాయి, కారు నెమ్మది చేసి వెళ్ళిపోతున్నాను.

ఇప్పుడు దీపం నేను పెడుతున్నాను. శ్రీవిద్య ఇంకా ఆ గదిలోకి రావడం లేదు, రమ్మని నేనూ అనడం లేదు. నిన్న మొదటిసారి ఆ పీట మీద కూర్చున్నాను. కొన్నప్పటినుంచి ఆ విల్లుని నేను వెనక నుంచే చూశాను బావగారూ, స్కోప్ వైపు నుంచి. అక్కడ కూర్చుంటే ముందు కనపడేది బాణం ఉన్న చోటు. అమ్మవారు దాని వెనక ఉంటుంది.

మీ
రఘు